గాడిద మీది చుక్క

దానియేలుకు ఆ శుక్రవారం పొద్దున నుంచి కాలు ఒకచోట నిలవలేదు. గదిలోకి పోతాడు, గోడకు ఆనించిన గుడ్డచుట్టను తడుముతాడు, మళ్ళీ వాకిట్లోకి వస్తాడు. ఏసమ్మ ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. వేడి చేసి ఇస్తే అదీ చల్లారిపోయింది. మూడోసారి ఆమె వేడి చేయలేదు.

"ఏందయ్యా నీ బాధ? బొమ్మ అయిపాయె, రంగు ఆరిపాయె. ఎల్లుండి పోయి కట్టుడే గదా. జర కూసో."

"కూసుంటే అయితదా?"

"నిలబడితే అయితాందా మరి?" అని ఏసమ్మ చాట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరసాగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో అతని తీరు ఆమెకు అలవాటే.

వరంగల్ శివనగర్‌లో దానియేలు పేరు చెబితే పెద్దవాళ్ళు గుర్తుపడతారు. ఇటు స్టేషన్ నుంచి అటు పరకాల దాకా అతని చేతిరాత లేని గోడ ఉండేది కాదు ఒకప్పుడు. విత్తనాల కంపెనీలు, ట్యూషన్ సెంటర్లు, ఎలక్షన్ గుర్తులు, చర్చిల్లో వేదిక వెనక కట్టే బొమ్మల పరదాలు, అన్నీ అతనే వేశాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. ఆటోల వెనక నంబర్లూ, బడి బెంచీల మీద అంకెలూ రాస్తున్నాడు. ఫ్లెక్స్ వచ్చి అతని పొట్ట కొట్టిందని అందరూ అంటారు. అతనూ అదే అంటాడు. కానీ అందులో సగమే నిజం. మిగతా సగం గాడిద.

ఆ గాడిద సంగతి చెప్పకపోతే ఈ మనిషి ఎందుకిలా కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడో మీకు అర్థం కాదు.

వర్ధన్నపేట దాటాక కొంచెం లోపలికి ఏసమ్మ పుట్టినూరు. అక్కడి చర్చివాళ్ళు ఏడేళ్ళ కిందట క్రిస్మస్‌కు పరదా వేయమన్నారు. పశువుల పాక, తొట్టిలో బాలుడు, ఆ తొట్టికి సరిగ్గా మీద, జ్ఞానులకు దారి చూపిన చుక్క, పక్కన గాడిద. చిన్న బొమ్మను పెద్ద గుడ్డ మీదికి ఎక్కించడం దానియేలుకు కొత్త కాదు. బొమ్మ మీద అంగుళానికొక గీత చొప్పున గళ్ళు కొట్టుకోవాలి, గుడ్డ మీద రెండడుగులకొక గీత చొప్పున గళ్ళు కొట్టుకోవాలి. ఈ గడిలో ఏముందో ఆ గడిలోకి దించుకుంటూ పోవాలి. అంతే. గళ్ళు సరిగ్గా ఉంటే కళ్ళు మూసుకున్నా బొమ్మ తప్పిపోదు.

అయితే సంఘపెద్ద ఒకాయన మధ్యలో వేలు పెట్టాడు. "మైకు డబ్బా అడ్డమొస్తది, చుక్కను జర కుడికి జరుపు" అన్నాడు. దానియేలు చేతిలో ఉన్న చిన్న బొమ్మ మీదే పాత చుక్కను కొట్టేసి, అంగుళం పక్కన కొత్త చుక్క పెట్టుకున్నాడు. అంగుళమే కదా! ఇంటికొచ్చి దాన్ని గుడ్డ మీదికి పెంచాడు. అంగుళం రెండడుగులైంది. చుక్క వేసేటప్పుడు నిచ్చెన మీదున్నాడు, గాడిదను వేసేటప్పుడు నేల మీద గొంతుక్కూచున్నాడు. రెండూ కలిపి చూసింది చర్చిలో కట్టిన తర్వాతే, అదీ అందరితోపాటు.

చుక్క గాడిద నెత్తి మీద వెలుగుతోంది.

అప్పుడు ఏసమ్మ చిన్నమ్మ సోమక్క, నోరు విప్పితే ఊరంతా వినాల్సిందే అలాంటి మనిషి, ముందు వరుసలోంచి లేచి, "ఏందల్లుడా, జ్ఞానులు ఇప్పుడు ఎవరి కాడికి పోవాలె? గాడిద కాడికా?" అంది. చర్చి పడీపడీ నవ్వింది. పాడేవాళ్ళు పాట ఆపి నవ్వారు. దానియేలుకు తల కొట్టేసినట్టయింది. పండుగ విందుకు విస్తర్లు వేస్తుంటే ఒక్క మెతుకు ముట్టకుండా చెప్పులేసుకుని, నడిచి వర్ధన్నపేటకు వచ్చి బస్సెక్కాడు. మళ్ళీ అత్తగారి ఊరి గడప తొక్కలేదు. పరదా పని ఎవరు తెచ్చినా పట్టలేదు. ఫ్లెక్స్ వచ్చిందని చెప్పి తప్పుకున్నాడు.

ఏసమ్మ మాత్రం ఏటా క్రిస్మస్ మధ్యాహ్నం ఒక్కతే బస్సెక్కి పుట్టినూరు పోయి, చీకటి పడకముందే తిరిగొచ్చేది. వచ్చి నవ్వుతూ, "ఏమయ్యా, ఆ గుడ్డ..." అని మొదలుపెట్టేది. అతను చెయ్యెత్తేవాడు. "ఆ గుడ్డ మాట ఈ ఇంట్ల ఎత్తొద్దన్ననా లేదా?" ఆమె నోరు మూసుకునేది. మూడో ఏడు తర్వాత మొదలుపెట్టడం కూడా మానేసింది.

అలాంటి ఊరినుంచి రెండు నెలల కిందట కొత్త పాస్టరు విన్సెంట్ గారు స్వయంగా బండి మీద వచ్చారు. చర్చి కట్టి డెబ్బై ఐదేళ్ళవుతోందట, పండుగ చేస్తున్నారట, పదహారడుగుల పరదా కావాలట.

"ఫ్లెక్స్ కొట్టిస్తే రెండు గంటల్ల అయిపోతది గదయ్యగారూ" అన్నాడు దానియేలు.

"నేనూ అదే అన్న. సంఘం ఒప్పుకుంటలేదండి. చేత్తో ఏసిందే కావాలట. అది గూడ మీరే ఏయాలట."

మీరే వేయాలట. ఆ మాట దానియేలు గుండెల్లో ముల్లులా దిగింది. ఎందుకు తానే వేయాలో అతనికి తెలుసు. ఇంకోసారి నవ్వడానికి. వద్దని చెప్పబోయాడు. అంతలోనే పౌరుషం వచ్చింది. వేస్తాను, గీత పక్కకు పోకుండా వేసి వాళ్ళ నోళ్ళు మూయిస్తాను అనుకున్నాడు. "ఏస్తనయ్యగారూ" అన్నాడు. ఆ రోజు నుంచి నిద్ర లేదు.

బొమ్మ క్యాలెండర్‌లోంచి కత్తిరించింది. ఎనిమిదంగుళాల పొడుగు, నాలుగంగుళాల ఎత్తు. ఎడమ పక్క కొండలు, మేస్తున్న మంద. ఆ పక్కన గొర్రెల కాపరి వంగి చెయ్యి చాపుతున్నాడు. లోయ అంచున ఇరుక్కున్న గొర్రెపిల్ల మెడ ఆ చేతిలోకి వచ్చింది. కుడి చివర ఒక చెట్టు. ఈసారి ఎవరు ఏది జరపమన్నా ముందు పెంచుతాను, ఆ తర్వాతే గుడ్డ మీద జరుపుతాను అని దానియేలు ఒట్టు పెట్టుకున్నాడు. ముందు జరిపి ఆ తర్వాత పెంచితే జరిపింది కూడా పెరుగుతుంది. ఏడేళ్ళు ఏడ్చి నేర్చుకున్న లెక్క అది.

కానీ అతని గది పదడుగులే. పదహారడుగుల గుడ్డ అందులో ఎలా పరుస్తాడు? అందుకని రెండు వెదురు బొంగులు తెచ్చి, గుడ్డను ఇటు కొంత అటు కొంత చుట్టాడు. మధ్యలో నాలుగడుగుల మేర మాత్రం విప్పి, రెండు పక్కలా చెక్క పట్టీలకు మడిచి మేకులు కొట్టాడు. ఆ ముక్క అయిపోగానే మేకులు పీకి, దాన్ని చుట్టేసి, తర్వాతి ముక్క విప్పేవాడు. మొదట కొండలూ మందా, తర్వాత కాపరి, తర్వాత గొర్రెపిల్లా లోయా, ఆఖరికి చెట్టు. నాలుగు ముక్కలు. ఒకసారి వేసింది మళ్ళీ కంటికి కనపడదు, చుట్టలోకి పోతుంది.

నాలుగో ముక్కకొచ్చేసరికి గుడ్డ చాలలేదు. చెట్టు సగం మిగిలిపోయింది.

"ఆ సేటు కొలత తక్కువిచ్చిండు! దొంగ!" అని దానియేలు బట్టల దుకాణం సేటును నోటికొచ్చినట్టు తిట్టి, చెట్టును సన్నగా చేసి ఇరికించాడు. పని అయిపోయిందనుకున్నాడు.

కానీ ఈ శుక్రవారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది. దుకాణంలో సేటు గుడ్డ కొలుస్తుంటే తాను దగ్గరుండి చూశాడు. పద్దెనిమిది అడుగులు, బొమ్మకు కావాల్సినదానికంటే రెండడుగులు ఎక్కువే. సేటు తక్కువివ్వలేదు. మరి గుడ్డ ఎక్కడికి పోయింది?

అదీ సంగతి. అందుకే కాలు నిలవడం లేదు.

"ఏసమ్మా, దీన్ని ఒక్కసారి మొత్తం ఇప్పి చూడాలె."

"ఏడ ఇప్పుతవ్? గల్లీల ఇప్పితే ఆటోలు దాని మీదికెళ్ళే పోతయి" అని, గొంతు తగ్గించి, "అసలు ఆ ఊరోళ్ళు నువ్వనుకున్నట్టు గాదయ్యా. ఆ పాత గుడ్డ..." అంది.

"ఎత్తకు!" దానియేలు అరిచిన అరుపుకు చాటలో బియ్యం చెదిరాయి.

శనివారం పొద్దున యాకయ్య ట్రాలీ ఆటో వచ్చింది. యాకయ్య ఒకప్పుడు వర్ధన్నపేట రోడ్డులో ఒక బియ్యం మిల్లులో హమాలీ. ఇప్పుడు అదే మిల్లుకు బస్తాలు తోలుతున్నాడు. మిల్లు గోడ రెండంతస్తుల ఎత్తు, ముందర వడ్లు ఆరబోసే పెద్ద కళ్ళం. యజమాని రాజేశ్వర్ రావు పేరు ఆ గోడ మీద రాసింది దానియేలే. గుడ్డ విప్పి చూసుకోవడానికి ఆయన్ను ఒక్క పూటకు గోడ అడిగితే కాదంటాడా?

దారి పొడుగునా దానియేలు ట్రాలీలో చుట్టను వాటేసుకునే కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగా పోనీ తమ్మీ" అంటాడు, రోడ్డు బాగున్నచోట "జల్ది పోనీ" అంటాడు.

"అన్నా, మెల్లగ పోవాల్నా జల్ది పోవాల్నా? ఒక్కటి చెప్పు" అని యాకయ్య విసుక్కున్నాడు.

మిల్లు గోడకు యాకయ్య నిచ్చెన వేసి ఒక కొస కట్టాడు. ఇంకో కొస ఏసమ్మ అందిస్తే అదీ కట్టాడు. దానియేలు మాత్రం గోడకు వీపు తిప్పి కళ్ళం అవతలి దాకా నడిచిపోయాడు. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలడం లేదు. యాకయ్య నిచ్చెన దిగి, నడుం మీద చేతులేసుకుని గుడ్డను పైనుంచి కిందికి చూశాడు.

"మంచిగున్నదన్నా! మస్తుగున్నది. గొర్రెపిల్ల ఆయన్నే చూస్తాంది. జర దూరమున్నట్టుంది, గంతే."

దానియేలు గిర్రున తిరిగాడు.

కాపరి వంగాడు. చెయ్యి చాపాడు. గొర్రెపిల్ల మెడ చాచింది. చేతికీ మెడకూ నడుమ ఖాళీ. ఆ చెయ్యి గాలిని పట్టుకుంటోంది.

పరుగెత్తుకొచ్చి జాన పెట్టి చూశాడు. సరిగ్గా జానెడు. అప్పుడు అర్థమైంది. చెక్క పట్టీకి మడిచిన గుడ్డ జానెడు. ఒక ముక్క అయిపోయి తర్వాతి ముక్క విప్పినప్పుడల్లా, ఆ మడతను లెక్కలోకి తీసుకోకుండా, మడత అయిపోయిన చోటునుంచి కొలత మొదలుపెట్టాడు. మధ్యలో బొమ్మ పడకుండా మిగిలిన గుడ్డను తర్వాత గడ్డి రంగుతో, ఆకాశం రంగుతో పూడ్చేశాడు. అందుకే అతుకు కనపడలేదు, అనుమానమూ రాలేదు. కాపరి ఉండాల్సిన చోటుకు జానెడు పక్కకు పోయాడు. గొర్రెపిల్ల రెండు జానలు పోయింది. చెట్టు మూడు జానలు పోయి గుడ్డ దాటింది. పని నేర్పిన సత్యనారాయణ మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు, ఎంత దూరం పోయినా ప్రతి కొలతా మొదటి మేకు నుంచే తీయాలని. ఆ మొదటి మేకు గుర్తు అప్పటికే చుట్టలోపలికి పోయింది. తాను కిందటి గీత నుంచి కొలుచుకుంటూ పోయాడు, తప్పు మీద తప్పు పేర్చుకుంటూ.

కళ్ళంలోనే కూలబడ్డాడు. "అయిపాయె. మల్ల నవ్వుతరు. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వుతరు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

ఏసమ్మ పక్కన కూర్చుంది. "గుడ్డను జానెడు జరిపి కడితే?"

"గుడ్డను జరిపితే అన్నీ కలిసే జరుగుతయే. వాటి నడుమ దూరం పోతదా?"

"చెయ్యి జర గుంజరాదే అన్నా" అన్నాడు యాకయ్య.

"గుంజితే అది కాపరి చెయ్యి గాదు తమ్మీ, బోరింగు చెయ్యి అయితది!"

ఆ మాటకు ముగ్గురికీ నవ్వొచ్చింది. అంత ఏడుపులోనూ దానియేలుకు కూడా వచ్చింది. ఆ నవ్వుతోనే లేచాడు. "గొర్రెపిల్లనే తేవాలె. రంగు డబ్బాలు దించు."

గుడ్డ ఎడమ అంచున మేకు కొట్టి దారం కట్టాడు. ఈసారి ఎంత చిన్న కొలతైనా ఆ మేకు దగ్గరికి పోయి తెచ్చుకున్నాడు. ఏసమ్మ మేకు దగ్గర దారం పట్టుకుని నిలబడింది. ఎండ నెత్తి మీదికొచ్చింది, చీర కొంగు తల మీద వేసుకుందే తప్ప కదలలేదు. పాత గొర్రెపిల్ల మీదే జానెడు ఎడమకు కొత్త గొర్రెపిల్లను వేశాడు. మెడ కాపరి చేతిలోకి వచ్చింది. పాతదాని వెనక భాగం, తోక మాత్రం కుడి పక్కకు మిగిలిపోయాయి. వాటి మీద గోధుమ రంగు దట్టంగా పూసి బండరాయి చేశాడు. దూరం పోయి చూశాడు. దగ్గరికొచ్చి చూశాడు. మళ్ళీ దూరం పోయాడు. చెయ్యి గొర్రెపిల్లను పట్టుకుంది.

యాకయ్యకు సాయంత్రం బస్తాల లోడు ఉంది. రంగు పూర్తిగా ఆరేదాకా ఆగే వీల్లేదు. కొత్తగా పూసినచోట న్యూస్ పేపర్లు పరిచి, జాగ్రత్తగా చుట్టి, అటునుంచి అటే ఊరికి తీసుకుపోయి పాస్టరు ఇంటి వసారాలో పెట్టి వచ్చారు. దానియేలు ఆటో దిగనేలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. దానియేలు అందరికంటే వెనక, తలుపు పక్కన నిలబడ్డాడు. చెప్పులు బయటివైపు తిప్పి పెట్టుకున్నాడు, కాలు పెడితే చాలు పోవచ్చు. పరదా విప్పారు. "ఓహ్" అన్నారు కొందరు. పాటలు పాడారు, విన్సెంట్ గారు వాక్యం చెప్పారు. అందులో ఒక్క ముక్క దానియేలు చెవిన పడలేదు. ఎవరు తల తిప్పినా తననే చూస్తున్నారనిపించింది, ఎవరు దగ్గినా నవ్వు ఆపుకుంటున్నారనిపించింది.

ఆశీర్వాదం అయిపోయింది. జనం లేస్తుండగా సోమక్క కర్ర పట్టుకుని బయటికి కాకుండా ముందుకు నడిచింది. డెబ్బై దాటినా ఆమె కళ్ళు ఇంకా సూదిలో దారం ఎక్కించేవే. పరదా దగ్గరికి పోయి ఎడమ చివరినుంచి వెతకడం మొదలుపెట్టింది. మంద చూసింది. కాపరిని చూసింది. గొర్రెపిల్లను చూసింది. బండ దగ్గర ఆగింది.

"అల్లుడా!" చర్చి అంతా ఆగిపోయింది. "గీ బండకు తోక మొలిచిందేందయ్యా?"

దానియేలు చూశాడు. పేపరు అంటుకుని, విప్పేటప్పుడు గోధుమ రంగును ఊడబెరుక్కుపోయింది. బండరాయి వెనక తెల్లటి బుల్లితోక తళతళలాడుతోంది.

చర్చి ఘొల్లుమంది. అదే నవ్వు. ఏడేళ్ళుగా చెవుల్లో మోగుతున్న అదే నవ్వు. దానియేలు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఏడికి పోతానవ్? ఆగు!" సోమక్క కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "పోయిన మాటు గిట్లనే తినకుంట పోయినవ్. అన్నం కాడికెళ్ళి లేచిపోతివని నా పానం ఎంత కొట్టుకున్నదో నీకు తెలుసా? ఒక్క మాటన్నందుకు ఏడేండ్లు నాకు మొకం చూపియ్యకపోతివి."

"నవ్విండ్లు గదత్తమ్మా..."

"నవ్వమా మరి? సంతోషమైతే నవ్వమా? ఏటేటా క్రిస్మస్‌కు నీ గాడిద చుక్కనే కడతానం! పోయినేడు ఎవరో ఫ్లెక్స్ తెస్తే జనం ఊకోలే. గాడిద మీద చుక్క లేకపోతే అది మా ఊరి క్రిస్మస్ కాదన్నరు. గందుకే గదా ఈ పండుగకు గూడ నువ్వే ఏయాలని పట్టుబట్టినం!"

దానియేలు నమ్మలేదు. విన్సెంట్ గారు నవ్వుతూ లోపలికి పోయి ట్రంకు పెట్టె మూత తీశారు. నాలుగు మడతలు పెట్టిన గుడ్డ. అంచులు చిరిగిన చోటల్లా ఎవరెవరివో చేతికుట్లు, ఎర్రదారం ఒకచోట, నీలిదారం ఒకచోట. మడత విప్పితే చుక్క కింద గాడిద రంగు వెలిసిపోయి ఉంది. చుక్క మాత్రం వెలిసిపోలేదు. దాని మీద ఎవరో మళ్ళీ పసుపు రంగు దిద్దారు. చుక్కను తొట్టి మీదికి జరపడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించలేదు.

ఒక మూలన ఆకుపచ్చ దారంతో వేసిన కుట్టును దానియేలు వెంటనే గుర్తుపట్టాడు. తన చొక్కాల మీద ముప్పై ఏళ్ళుగా చూస్తున్న కుట్టు అది. తలెత్తి ఏసమ్మను చూశాడు.

"నీకు తెలుసా?"

"ఏడేండ్ల సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా?" అంది ఏసమ్మ.

దానియేలు ఆకుపచ్చ కుట్టు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. బయట భోజనాల బంతులు వేస్తున్నారు, సోమక్క ఎవరినో విస్తరి తెమ్మని కేకేస్తోంది. విన్సెంట్ గారు బండ మీది తోక చూపించి, "దీన్ని మూసేద్దామా దానియేలు గారూ? రంగు తెప్పిస్త" అని అడిగారు.

"ఉండనీయండి అయ్యగారూ" అన్నాడు దానియేలు. చెప్పులు విడిచి, భార్య పక్కన బంతిలో కూర్చున్నాడు.